మా పాప ఫోటో ఏ జాబితాలోనూ లేదు

జూన్ 14, ఆదివారం

మరిదికి,

మీ వదిన రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వు మీ అక్క ఇంట్లో వేళకి తింటున్నావని మీ అన్నయ్య చెప్పారు. ఇదివరకు నీకు ఏది రాసినా ‘చిరంజీవి’ అని మొదలుపెట్టి ‘ఉభయకుశలోపరి’ అంటూ కిందికి దిగేదాన్ని. ఇవాళ ఆ రెండు మాటలూ పెన్ను దాకా వచ్చి ఆగిపోయాయి. మర్యాద తగ్గిందనుకుంటే అనుకో.

ముందు ఇంటి సంగతులు చెప్తాను. మీ అన్నయ్య షాపు రోజూ తెరుస్తున్నారు. బల్బు కోసమో స్విచ్చు కోసమో వచ్చేవాళ్ళు వస్తున్నారు, కొందరు మన గుమ్మం దాటుకుని అవతలి వీధికి పోతున్నారు. అత్తయ్యకి మోకాలు నొప్పి ఎక్కువైంది, మేడ మెట్లు ఎక్కడం మానేసింది. కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని కూరలు తరుగుతూ వీధిని చూస్తూ ఉంటుంది. మా పాప బుడంకాయకి ముందు పళ్ళు ఊడాయి. ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుని ఇంటిల్లిపాదినీ చంపుకు తింటోంది. ఆ పేరు నువ్వు పెట్టిందే. మార్చాలని చూశాను, అది ఒప్పుకోలేదు.

అసలు సంగతికొస్తాను. నిన్న మీ లాయరుగారు మళ్ళీ ఇంటికొచ్చారు. పెద్దమనిషి, చెప్పులు బయట విడిచి మరీ వచ్చారు. కోర్టులో నేను చెప్పాల్సింది ఒక్క ముక్కేనన్నారు. మా పాప చిన్నప్పుడు టబ్బులో నీళ్ళాడుతున్న ఫోటో నీకు పంపింది నేనే అనీ, దాన్ని చూసే కంపెనీ యంత్రం పొరపాటు పడిందనీ చెప్తే చాలట. ఫోటో పంపిన మాట నిజమే కదమ్మా, మిగతాది నేను చూసుకుంటాను అన్నారు. నేను చెప్పనన్నాను. ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకునే చెప్తున్నానన్నాను. ఆయన వెళ్ళి నీతో ఏమన్నారో తెలీదు. వదిన మెత్తబడుతోందని చెప్పి ఉంటే నమ్మొద్దు. అందుకే ఈ ఉత్తరం.

పోలీసులు షాపుకొచ్చిన రోజు నీకు గుర్తుందో లేదో గానీ నాకు అంతా గుర్తే. మీ అన్నయ్య ఎవరికో సీలింగ్ ఫ్యాను తిప్పి చూపిస్తున్నారట. నీ ఫోన్లో ఫోటోలన్నీ తనంతట తనే దాచిపెట్టే కంపెనీ ఒకటుంది కదా, వాళ్ళు నీ పేరు మీద ఫిర్యాదు పంపారని చెప్పి, నీ ఫోనూ షాపు కంప్యూటరూ పట్టుకుపోయారు. సాయంత్రం నువ్వు వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డావు. అంతా ఆ టబ్బు ఫోటో వల్లే వచ్చిందన్నావు. ఒంటి మీద గుడ్డలేని పసిపిల్ల కనపడగానే యంత్రం కేకలు పెట్టిందన్నావు.

నేను నేల మీద కూలబడ్డాను. నా చేత్తో నేనే నీ కొంప ముంచానని ఏడ్చాను. నిన్ను క్షమించమని అడిగాను. నువ్వేం చేశావు? గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చావు. పోనీలే వదినా, నీ తప్పేముంది, యంత్రానికి బుద్ధుండొద్దా అన్నావు. నీ మీద నాకున్న కోపాలన్నిట్లోకీ పెద్ద కోపం ఆ గ్లాసు మీదే. నన్ను ఏడవనిచ్చి, నన్నే ఓదార్చి, నీ మంచితనం నా చేత పొగిడించుకున్నావు.

ఆ తర్వాత నీ కోసం నేను చేసిన యుద్ధం నీకు తెలుసు. మిల్లులో మా డిజైన్ గదిలో అందరినీ కూర్చోబెట్టి, పిల్లల ఫోటోలు ఎవరికీ పంపకండి, మా మరిది బతుకు బుగ్గిపాలైందని చెప్పాను. ఆ కంపెనీకి నాకొచ్చిన భాషలో ఘాటుగా రాసి పంపాను. ఎదురింటి టైలరు భార్య నిన్ను చూసి కిటికీ వేసుకుందని వీధిలో నిలబెట్టి దులిపేశాను. మొన్న వాళ్ళింటికి వెళ్ళి క్షమించమన్నాను. ముందు లోపలికి రండి, కాఫీ కలుపుతానంది.

చివరికి పోలీసుల ఆఫీసుకి కూడా నీ కోసమే వెళ్ళాను. నా ఫోన్లో ఆ టబ్బు ఫోటో ఇంకా ఉంది కదా, అది చూపిస్తే కేసు తేలిపోతుందనుకున్నాను. నన్ను మూడో అంతస్తు ల్యాబ్‌లో కంప్యూటర్లు పరీక్షించే ఆవిడ దగ్గరకి పంపారు. నా ఈడుదే, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, చేతికి ఎలర్జీ మందు రాసుకుని ఉంది. కిటికీ గట్టు మీద మొక్కలు వరుసగా పెట్టుకుంది. ఆ గదిలో కంప్యూటరు తెరలన్నీ గోడకేసి తిప్పి ఉన్నాయి, తలుపు దగ్గరికి వచ్చినవాళ్ళకి ఏమీ కనపడకుండా. అప్పుడు అర్థం కాలేదు గానీ తర్వాత అర్థమైంది.

మీ మరిది కేసులో ఏముందో చెప్పలేను, యంత్రం ఎలా పనిచేస్తుందో మాత్రం చెప్పగలనంది. నేనేం పని చేస్తానని అడిగింది. దుప్పట్ల మిల్లులో బొమ్మలు గీస్తానన్నాను. బొమ్మని గళ్ళ కాగితం మీదకి దించి, ఏ గడిలో ముదురు దారం, ఏ గడిలో లేత దారం పడాలో గుర్తులు పెడతానన్నాను. అయితే నాకు సగం పని తగ్గిందని నవ్వింది.

ఆవిడ చెప్పింది నీకూ చెప్తాను. నీకు తెలీదని కాదు. తెలీనట్టు ఇంకెవరి దగ్గరా నటించకుండా ఉండటానికి. ఎక్కడో ఒక పిల్లని హింసించి తీసిన ఫోటో దొరికితే, దాన్ని చూసి ఇది నేరమేనని తేల్చడానికి శిక్షణ పొందిన మనుషులుంటారు. వాళ్ళు తేల్చాక ఆ ఫోటోని గళ్ళు గళ్ళుగా విడగొట్టి, వెలుగునీడల్ని బట్టి లెక్క కట్టి ఒక పొడుగాటి అంకె తయారుచేస్తారు. దాన్ని హ్యాష్ అంటారట. ఫోటోకి వేలిముద్ర అనుకో. ఫోటోని చిన్నది చేసినా, రంగు మార్చినా, కొస కాస్త కత్తిరించినా ఆ అంకె పెద్దగా మారదు. అంకెలోంచి ఫోటోని మళ్ళీ బయటకి తీయడం మాత్రం ఎవరి తరమూ కాదు. అలాంటి అంకెలన్నీ ఒక జాబితాలో ఉంటాయి. ఎవరైనా ఫోటో ఎక్కించగానే దాని అంకె కట్టి, జాబితాలో ఉందా అని యంత్రం చూసుకుంటుంది. ఆ పిల్ల ఒంటిని కొత్తగా ఇంకొకళ్ళు చూడకుండానే ఫోటో ఆగిపోతుంది.

మరి మా పాప ఫోటో ఎందుకు పట్టుకుందని అడిగాను. పట్టుకోలేదండీ అంది. యంత్రానికి పిల్లంటే తెలీదు, టబ్బంటే తెలీదు, బట్టలున్నాయో లేవో అసలు తెలీదు, ముందే తెలిసిన బొమ్మని గుర్తుపట్టడం ఒక్కటే దాని పని అంది. బొమ్మలో ఏముందో ఊహించే యంత్రాలు వేరే ఉన్నాయట, మన కేసులో పలికింది అది కాదట. నేను వదల్లేదు. యంత్రమన్నాక తప్పు చేయదా అన్నాను. చేస్తుంది, ఎప్పుడో అరుదుగా సంబంధం లేని రెండు బొమ్మల అంకెలు దగ్గరపడతాయి, అందుకే ఫిర్యాదు కోర్టు దాకా వెళ్ళేలోపు మనిషి కళ్ళతో చూసి తీరాలి అంది. ఎవరు చూస్తారన్నాను. నేనే అంది. చెయ్యి గోక్కుంటూ మొక్కల వైపు తిరిగింది.

అప్పుడు నా ఫోన్లో మా పాప ఫోటోకి అంకె కట్టి చూడమని నేనే బతిమాలాను. కట్టింది. చూసింది. మీ పాప ఫోటో ఏ జాబితాలోనూ లేదు, ఎప్పుడూ లేదు అంది. అది నాకు ఊరట కలిగించే మాటని ఆవిడ అనుకుంది. నిజానికి ఊరటే. కానీ మా పాప ఫోటో కాకపోతే మరి నీ ఫోన్లో దొరికిందేంటి? బస్సెక్కకుండా ఇంటి దాకా నడిచొచ్చాను, దారిలో ఎవరు పలకరించారో ఏం చెప్పానో గుర్తులేదు.

నేరుగా షాపు వెనక గోడౌన్లోకి వచ్చాను. నువ్వు వైరు చుట్టలు సర్దుతున్నావు. ఆ ఫోటో కాదటగా అన్నాను. నువ్వు చుట్ట కింద పెట్టి, ఆవిడకేం తెలుసన్నావు. దుప్పట్ల మీద పువ్వులేసుకునేదానివి నీకేం తెలుసన్నావు. నేను కదలకుండా నిలబడ్డాను. నువ్వు తలెత్తకుండానే, నేనెవర్నీ ముట్టుకోలేదు కదా వదినా, చూడటమేగా అన్నావు.

ఆ మాట అన్నావా లేదా అని కోర్టులో అడుగుతారు. అన్నావనే చెప్తాను.

చూడటమేగా అన్నావు కాబట్టి ఇది విను. ఆ ఫోటోల్లో ఉన్న పిల్లల్లో ఒకమ్మాయి ఇప్పుడు పెద్దదైంది, ఉద్యోగం చేసుకుంటోంది. తన ఫోటో ఎవరి దగ్గర దొరికినా తనకి కబురు చేయమని ఆమె ముందే చెప్పి ఉంచిందట. నీ కేసులోనూ కబురు వెళ్ళింది, ఆమె కోర్టుకి తన మాట రాసి పంపింది. ప్రభుత్వం తరపు లాయరు మాకు చదివి వినిపించారు. వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చే ప్రతి మగవాడి మొహమూ చూస్తానని రాసింది, వీడు నన్ను చూశాడా అని. కూరగాయల కొట్లో చిల్లర ఇచ్చేవాడు నవ్వినా సంచీ అక్కడే వదిలేసి వచ్చేస్తుందట. ఒకప్పుడు ఊరు మారితే పోతుందనుకున్నాను, పేరు మార్చుకున్నాను, జుట్టు రంగు మార్చాను, ఇక ఏదీ మార్చను, మారాల్సింది నేను కాదు అని రాసింది. తన ఫోటోకి అంకె కట్టారని తెలిసిన రోజే చాలా ఏళ్ళ తర్వాత కర్టెన్ వేయకుండా నిద్రపోయానని కూడా రాసింది. నువ్వు ఆమెని ముట్టుకోలేదు, నిజమే. ఆమె మీద చెయ్యి వేసినవాడికి చూసేవాళ్ళు కావాలి. నువ్వు కూర్చుని చూశావు. వాడి కొట్టుకి నువ్వు బేరానివి.

ఆ ఫోటోలకి అడ్డుగా మా బుడంకాయని నిలబెడదామనుకున్నావు. దాని పేరు కోర్టు కాగితాల్లోకి ఎక్కితే, రేపు అది పెద్దదయ్యాక తన వల్లే బాబాయి జైలుకి పోయాడని ఎవరో ఒకరు అంటే, దాని గతేంటని ఒక్కసారైనా అనుకున్నావా? మీ అక్క అంటోంది, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందట. పడనీ. కాళ్ళు నావే కదా, కడుక్కుంటాను.

ఇంకో విషయం కూడా తప్పించుకోకుండా రాస్తాను. పిల్లలతో మాట్లాడటంలో అనుభవం ఉన్న డాక్టరమ్మ దగ్గరికి బుడంకాయని తీసుకెళ్ళాను. ఆవిడ బొమ్మలు ముందేసుకుని దాంతో చాలాసేపు ఆడింది. నేను బయట బెంచీ మీద కూర్చుని గోళ్ళన్నీ కొరికేసుకున్నాను. దాని జోలికి ఎవరూ రాలేదంది. నేను అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాను. ఒక తల్లిని ఆ బెంచీ మీద కూర్చోబెట్టావు చూడు, దానికి శిక్ష ఏ చట్టంలోనూ రాసి లేదు.

ఇక నీ పాత ఫోను సంగతి. నిన్ను అరెస్టు చేసి, బెయిలు మీద మీ అక్క ఇంటికి పంపాక, ఒక్క కంపెనీ ఫిర్యాదే కదా, యంత్రం తప్పు అంటే సరిపోతుందని మీ లాయరు ధీమాగా ఉన్నారు. అప్పుడే నీ పాత ఫోను పోలీసుల దగ్గర తేలింది. దాంట్లో ఉన్నవాటికి యంత్రాన్ని తప్పుపట్టడం కుదరలేదు. అయినా మొదటి ఫిర్యాదు తప్పని తేలితే మిగతాదీ నిలవదని ఆయన లెక్క. ఇంట్లోంచి ఎవరో ఇచ్చారని నీకు తెలుసు, ఎవరో కూడా తేల్చేసుకున్నావు. మీ అక్క ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టింది. ఇంటి గుట్టు లంకకు చేటని సామెతలు చెప్పింది. పరాయింటి నుంచి వచ్చినదానివి, పరాయిదానిలాగే చేశావంది. నేను కాదనలేదు, ఔననలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని గిన్నెలు తోముకున్నాను. ఆవిడకి ఊపిరాడనప్పుడు మాత్రం, ఇంకేమైనా ఉందా వదినా అని అడిగాను.

మీ అన్నయ్య గురించి నువ్వు అడగవు గానీ నేనే చెప్తాను. లాయరుగారు మొదటిసారి అడిగినప్పుడు ఆయన కూడా నన్ను ఒప్పుకోమనే అన్నారు. ఒక్క మాటే కదా, వాడు నా వేలు పట్టుకుని నడిచినవాడు అన్నారు. అయితే పాప ఎదురుగా ఆ మాట అనండి, అది ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటానన్నాను. ఆయన చాలారోజులు నాతో మాట్లాడలేదు. పోయిన వారం షాపు బోర్డు ఒక్కరే దింపారు. ‘బ్రదర్స్’ అన్న అక్షరాల మీద తెల్ల రంగు వేసి మళ్ళీ ఎక్కించారు. ఎండలో నిలబడి రంగు ఆరేదాకా చూశారు. లోపలికి వచ్చి, కోర్టుకి నేను తీసుకెళ్తాను, నువ్వు బస్సులో పోవద్దు అన్నారు.

కాబట్టి వాయిదా రోజు నేను వస్తాను. ముందు వరసలో కూర్చుంటాను. మా పాప ఫోటోకీ నీ కేసుకీ సంబంధం లేదని చెప్తాను. గోడౌన్లో నువ్వన్నది చెప్తాను. నీ లాయరు నన్ను ఎన్ని వంకరలు అడిగినా నాకు భయం లేదు, మిల్లులో పదిమంది మగ సూపర్‌వైజర్లతో దారం రంగు దగ్గర వాదించి గెలిచినదాన్ని. సిగ్గుపడాల్సిన మనిషి నేను కాదు, మా పాప కాదు, ఆ రాసి పంపిన అమ్మాయి అంతకన్నా కాదు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో తలదించుకున్నవాళ్ళం మేం. నువ్వు మాత్రం మీ అక్క ఇంట్లో మంచం మీద కూర్చుని భోజనం తెప్పించుకుంటున్నావు. ఇక ఆ బరువు ఎవరిది వాళ్ళు మోద్దాం.

ఇంకా సమయం ఉంది. చేసింది ఒప్పుకో, ఎవరి దగ్గర తీసుకున్నావో పోలీసులకి చెప్పు. ఆ దారి పట్టుకుని వెళ్తే ఎక్కడో ఇవాళ్టికి కూడా ఒక గదిలో ఉన్న పిల్ల బయటపడొచ్చు. తెలిసిన ఫోటోనే యంత్రం పట్టుకుంటుంది, ఇంకా ఎవరికీ తెలియని పిల్లని పట్టుకోలేదని ఆ ల్యాబ్ ఆవిడే చెప్పింది. అక్కడ మనిషే నోరు విప్పాలి. నువ్వు విప్పితే నీకు కొంచెమైనా మంచి జరగాలని కోరుకుంటాను. విప్పకపోతే నేనేం కోరుకుంటానో రాయను.

ఇట్లు,
మీ అన్నయ్య భార్య,
బుడంకాయ తల్లి

తా.క.: ఉత్తరం ఇక్కడితో ముగించి కవరు అంటించబోతే అత్తయ్య చదివి వినిపించమంది. విన్నాక, పాత ఫోను దగ్గర అబద్ధం రాశావేంటని అడిగింది. అబద్ధం రాయలేదు, నిజం రాయలేదంతే అన్నాను. అయితే ఇప్పుడు రాయమని కూర్చుంది.

ఆ ఫోను పోలీసులకి ఇచ్చింది నేను కాదు. అత్తయ్య. నీకు చలిబట్టలు పంపుదామని బీరువా సర్దుతుంటే స్వెట్టరు మడతల్లో దొరికిందట. బుడంకాయ ఆడుకోవడానికి పనికొస్తుందని ఛార్జింగ్ పెట్టి తెరిచిందట. ఏం చూసిందో నాకు చెప్పలేదు. ఆ మోకాళ్ళతోనే మెట్లు దిగి, బస్సెక్కి, మూడో అంతస్తు దాకా ఒక్కతే వెళ్ళి ఇచ్చొచ్చింది. మా కోడలికి చెప్పకండి, అది అసలే నలిగిపోయి ఉందని ల్యాబ్ ఆవిడతో అందట. అందరూ నన్ను అంటుంటే ఆగలేక నాకు చెప్పింది. మీ అక్క అత్తయ్యని ఏమైనా అంటే తట్టుకోలేదని, నా మీదే ఉండనీ అని నేనే ఆపాను. ఇక ఆగనంటోంది. కోర్టులో తానే చెప్తుందట.

కింద నాలుగు ముక్కలు తన చేత్తో రాస్తానంది. కళ్ళజోడు వెతికిచ్చాను.

నానా, ఫోను నేనే ఇచ్చాను. వదినని ఏమీ అనకు, అక్కకి కూడా చెప్పు. నిజం చెప్పేసి ఇంటికి రా. ఎన్నేళ్ళకి వచ్చినా తలుపు తీస్తాను. చెప్పకుండా మాత్రం రాకు.
అమ్మ